ఆక్రమణ అలంకరణ మొక్కలు, పెరటి తోట సమస్యలు: మంగళగిరి పరిసరాలు

అందానికో, నీడకో, కంచెకో పరాయి ప్రాంతం నుంచి తెచ్చి నాటిన మొక్కల్లో కొన్ని తోట గోడ దాటి తమంతట తామే వ్యాపిస్తాయి. అలా వ్యాపించి స్థానిక మొక్కలకు, పంటలకు, కాలువలకు, పశువులకు చేటు చేసేవాటిని ఆక్రమణ అలంకరణ మొక్కలు అంటారు. గుంటూరు జిల్లా మంగళగిరి చుట్టుపక్కల ఈ కోవలో ముందుగా కనిపించేవి గుర్రపుడెక్క, పులికంప, వెడీలియా. సర్కారు తుమ్మ అలంకరణ కోసం వచ్చింది కాకపోయినా వ్యాప్తిలో వీటన్నిటినీ మించింది.

ఈ ఊరి భౌగోళిక స్థితి ఈ విషయాన్ని చూడటానికి అనువైనది. ఉత్తరాన కృష్ణా నది, దాని కాలువలు. ఊళ్లోనే పానకాల నరసింహస్వామి కొండ, దాని చుట్టూ ముళ్లపొదల చిట్టడవి. గుంటూరు దాటి దక్షిణానికి వెళితే ప్రకాశం దాకా మిరప, పత్తి పండే నల్లరేగడి. జాతీయ రహదారి పొడవునా అపార్ట్‌మెంట్లు, వాటి బాల్కనీల్లో కుండీలు, మిద్దెల మీద తోటలు. పెరట్లో మందారానికి పట్టే పురుగూ పొలంలో పత్తికి పట్టే పురుగూ ఇక్కడ చాలాసార్లు ఒకటే కావడంతో, ఇంటి తోట సమస్యను ఆక్రమణ జాతుల సమస్య నుంచి విడదీసి చెప్పడం కష్టం.

నిర్వచనం, పదజాలం

శాస్త్రవేత్తలు మూడు దశలను వేరు చేస్తారు. మనిషి చేతుల మీదుగా కొత్త ప్రాంతానికి చేరినది అన్యదేశ జాతి. ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా తరతరాలుగా నిలదొక్కుకున్నది స్థిరపడిన జాతి. నిలదొక్కుకోవడంతో ఆగక వేగంగా విస్తరించి నష్టం కలిగించేది ఆక్రమణ జాతి.

ఈ తేడా చూడకుండా విదేశీ మొక్క అనగానే చెడ్డదని తేల్చేస్తే గుంటూరుకు పేరు తెచ్చిన మిరపనే ముందు పీకేయాల్సి వస్తుంది. మిరప అమెరికా ఖండపు పంట, పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. బతుకమ్మకూ గుమ్మాల తోరణాలకూ వాడే బంతి మెక్సికోది. ప్రహరీల మీద పాకే కాగితం పూల తీగ దక్షిణ అమెరికాది. మన దగ్గర అది సాధారణంగా విత్తనం కట్టదు, కొమ్మ నాటితేనే పెరుగుతుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన బిళ్లగన్నేరు గోడ పగుళ్లలో, మురుగు కాలువ గట్ల మీద దానంతటదే మొలుస్తుంది గాని అడవిని మింగిన దాఖలా లేదు. అది స్థిరపడిన జాతి మాత్రమే.

అన్యదేశ మొక్కల్లో సుమారు పదింట ఒకటి స్థిరపడుతుందని, స్థిరపడినవాటిలో మళ్లీ పదింట ఒకటి బెడదగా మారుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త మార్క్ విలియమ్సన్ 1996లో ఒక ఉజ్జాయింపు సూత్రం చెప్పాడు. మొక్కను బట్టి లెక్క మారుతుంది. జీవ వైవిధ్యంపై పనిచేసే అంతర ప్రభుత్వ వేదిక ఐపీబీఈఎస్ 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, మనుషుల వల్ల కొత్త ప్రాంతాలకు చేరిన జాతులు ప్రపంచంలో 37 వేల పైచిలుకు. వాటిలో హాని చేస్తున్నట్లు తేలినవి 3,500కు పైగా. మిగిలిన వేలాది జాతుల మీద మోపడానికి నేరమేమీ లేదు.

చరిత్ర

మద్రాసు ప్రెసిడెన్సీ ఈ వ్యవహారంలో తొలినాళ్ల నుంచే పాత్రధారి. 18వ శతాబ్దం చివర్లో కోకినీల్ పురుగును పెంచి ఎర్ర రంగు తీయాలని ఈస్టిండియా కంపెనీ ఉత్సాహపడింది. మద్రాసు వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ ఆ పనికి ముందుండి, ఆ పురుగు తిని బతికే నాగజెముడు తోటలు వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు వచ్చింది గాని అది అసలు రంగు పురుగు కాదు, దాని దాయాది. రంగు రాలేదు, అది మాత్రం ఒక రకం నాగజెముడును తిని అదుపులో పెట్టింది. ఒక మొక్కను పురుగుతో అణచడం సాధ్యమేనని లోకానికి తెలిసిన తొలి ఉదంతాల్లో ఇదొకటి. దక్షిణాదిలో కంచెల నుంచి పొలాల్లోకి పాకిన మరో నాగజెముడు రకాన్ని అదుపు చేయడానికి 1926లో ఇంకో జాతి కోకినీల్ పురుగును తెచ్చారు. అదీ ఫలించింది.

పులికంప 1809లో కలకత్తా వృక్షోద్యానానికి పూలమొక్కగా చేరింది. గుర్రపుడెక్క అమెజాన్ ప్రాంతానిది. లేత ఊదా పూల అందం చూసి 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చారు. నాలుగు దశాబ్దాలు తిరక్కుండానే పడవలు నడవక, వరి మడులు మునిగి, బెంగాల్ ప్రభుత్వం 1936లో దాని మీద ఏకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది.

సర్కారు తుమ్మకు భారత దేశంలో తొలి అడుగు తెలుగు నేల మీదే. మద్రాసు అటవీ అధికారి కర్నల్ బెడ్డోమ్ వంటచెరకు కొరత తీరుతుందని 1876లో విత్తనాలు కోరగా, మరుసటి ఏడాది జమైకా నుంచి వచ్చిన విత్తనాన్ని కడప జిల్లా కమలాపురంలో నాటారు. ప్రభుత్వమే నాటించిన చెట్టు కనుక జనం దానికి ఆ పేరే ఖాయం చేశారు.

స్వాతంత్ర్యానంతరం అన్యదేశ మొక్కలకు ప్రధాన ద్వారాలు నర్సరీలు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వ్యాపారానికి రాజధాని తూర్పు గోదావరి జిల్లా కడియం. రాజమహేంద్రవరం పక్కన హైవేకు ఇరువైపులా ఉన్న ఆ నర్సరీల నుంచి లారీల్లో బయల్దేరిన మొక్కలు అదే రహదారి మీద మంగళగిరి, గుంటూరు, ఒంగోలు చేరతాయి.

ప్రధాన జాతులు

*గుర్రపుడెక్క.* శాస్త్రీయ నామం పాంటెడీరియా క్రాసిపెస్. పాత పుస్తకాల్లో ఐకోర్నియా. ఆకు తొడిమ బుడ్డలా ఉబ్బి, లోపల గాలి నిండి మొక్కను తేలుస్తుంది. తల్లి మొక్క నుంచి నీటి మీదుగా పిలక సాగి, కొసన పిల్ల మొక్క వేస్తుంది. ఎండ, మురుగు నీటి పోషకాలు దొరికితే రెండు వారాల్లోపే పరుపు రెట్టింపు అవుతుంది. దిగువ బురదలో పడిన విత్తనం పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత కూడా మొలవగలదు. కాలువలో ఉన్నదంతా తీసి గట్టున పోసినా ఏడాదికల్లా మళ్లీ కనిపించడానికి కారణం ఇదే.

కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు, ఉండవల్లి దగ్గర మొదలయ్యే గుంటూరు ఛానల్, కొండవీటి వాగు, వీటిలో కలిసే మురుగు డ్రెయిన్లు దీనికి సరైన ఇళ్లు. తూముల దగ్గర, వంతెన స్తంభాల మధ్య అడ్డం పడి నీటి వేగాన్ని తగ్గిస్తుంది. పరుపు కింద నీటిలో వెలుతురు, ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి, దోమలు పెరుగుతాయి. నీటిపారుదల సిబ్బంది వేసవిలో కాలువలు కట్టేసిన నెలల్లో దీన్ని యంత్రాలతో తీయిస్తారు.

*పులికంప.* తలంబ్రాల చెట్టనీ పిలుస్తారు. లాంటానా కమారా. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ పూలు పూసే ఈ పొదను ఒకప్పుడు బంగళాల కంచెలకు కోరి పెంచారు. నల్లటి చిన్న కాయలను పికిలిపిట్టలు, గోరింకలు తిని కొండల్లో విత్తనం రాలుస్తాయి. ఆకు మేసిన పశువులకు లివరు దెబ్బతిని కామెర్లు వస్తాయి. ఎండ తగిలితే చర్మం పొక్కుతుంది. కరువులో మేత దొరకనప్పుడు తప్ప స్థానిక పశువులు దీన్ని ముట్టవు. ప్రమాదం కొత్తగా తోలుకొచ్చిన మందకే ఎక్కువ.

నర్సరీల్లో ఇప్పుడు కురచగా, నేల బారుగా పెరిగే లాంటానా రకాలను విత్తనం పడదని చెప్పి అమ్ముతారు. వాటిలో కొన్నిటి విషయంలో అది నిజమే. కొన్ని మాత్రం పుప్పొడి ఇచ్చి అడవి రకంతో సంకరం కాగలవని పరిశీలనల్లో తేలింది.

*వెడీలియా.* స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా. మధ్య అమెరికా మొక్క. చామంతిని పోలిన చిన్న పసుపు పూలు, మెరిసే ఆకులు. నీడలోనూ ఎండలోనూ నేలను కప్పేస్తుంది కనుక రోడ్డు డివైడర్లకు, అపార్ట్‌మెంట్ల లాన్ల అంచులకు తోటమాలులు మొదట చూసేది దీన్నే. ప్రతి కణుపు దగ్గరా వేరు పోస్తుంది. కత్తిరించిన తీగల్ని ట్రాక్టర్‌లో ఎత్తి కాలువ గట్టున పోస్తే ఆ కుప్ప కుళ్లదు, నాటుకుంటుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య నిపుణుల బృందం రూపొందించిన నూరు అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలో పులికంప, గుర్రపుడెక్కలతో పాటు ఇదీ ఉంది. ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో కాగితపు గుజ్జు కోసం ఎకరాలకెకరాలు పెంచే సుబాబుల్ కూడా అదే జాబితాలోది.

*సర్కారు తుమ్మ.* ప్రోసోపిస్ జూలిఫ్లోరా. తియ్యటి కాయల్ని మేకలు, గొర్రెలు, పశువులు ఇష్టంగా తింటాయి. గట్టి విత్తనం పేడలో చెక్కుచెదరకుండా బయటపడుతుంది. పొలం బీడుపడితే ఏమవుతుందో చూడటానికి మంగళగిరి మండలమే నమూనా. కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు, నవులూరు వంటి అమరావతి రాజధాని గ్రామాల్లో భూసమీకరణ తర్వాత సాగు ఆగిపోయింది, నిర్మాణాలూ ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. ఒకప్పటి పంట చేలల్లో తుమ్మ మనిషెత్తు దాటి పెరిగింది. 2024 ఆగస్టులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ వేలాది ఎకరాల్లో ముళ్లకంప తొలగింపు చేపట్టాకే పాత రోడ్ల ఆనవాళ్లు బయటపడ్డాయి.

అయితే దీని లెక్కలో రెండో పక్క కూడా ఉంది. గుంటూరు, ప్రకాశం మెట్టల్లో వంటచెరకు, బొగ్గు బట్టీల మీద బతికే పేదలకు ఈ చెట్టే ఆదాయం. దాన్ని పూర్తిగా నిర్మూలించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. (చూ. వంటచెరకు, చిట్టడవులు)

కోనోకార్పస్ వివాదం

గత రెండు దశాబ్దాల్లో తెలుగు పట్టణాల రోడ్ల మధ్య నిటారుగా, ముదురాకుపచ్చగా లేచిన చెట్టు కోనోకార్పస్. ఎండకు, ఉప్పు నీటికి, పొగకు ఓర్చుకుంటుంది, పశువులు ముట్టవు, కత్తెర వేస్తే ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం. మున్సిపాలిటీలకు ఇంతకంటే కావలసినదేముంది? ఈ పేరుతో నాటుతున్నవి రెండు జాతులు. ఒకటి అమెరికా, పశ్చిమ ఆఫ్రికా తీరాల మడ అడవుల అంచుల్లోది. రెండోది సోమాలియా, యెమెన్ ప్రాంతాలది.

ఆరోపణలు మూడు: పుప్పొడి ఉబ్బసాన్ని రేపుతుందని, వేళ్లు మంచినీటి పైపుల్లోకి, మురుగు గొట్టాల్లోకి చొరబడతాయని, భూగర్భ జలాన్ని లాగేస్తాయని. తెలంగాణ హరితహారంలో దీన్ని నాటడం ఆపింది. గుజరాత్ అటవీ శాఖ 2023లో, తమిళనాడు ప్రభుత్వం 2025 ఆరంభంలో నిషేధించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 30న మంగళగిరి ఎకో పార్కులో జరిగిన వనమహోత్సవం సందర్భంగా అటవీ శాఖను చూసే ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, కోనోకార్పస్ వంటి మొక్కల జోలికి పోకుండా దేశీయ జాతులే నాటాలని పిలుపునిచ్చారు.

దీనిపై వృక్షశాస్త్రజ్ఞులందరిదీ ఒకే మాట కాదు. పైపులు దెబ్బతిన్న ఉదంతాలు కువైట్ వంటి గల్ఫ్ దేశాల నుంచి వచ్చాయి. అక్కడి ఇసుక నేలలో తడి ఎక్కడుంటే వేరు అక్కడికి పోతుంది. ఆ మాటకొస్తే మన రావి, మర్రి వేళ్లకూ గోడలంటే గౌరవం లేదు. ఉబ్బసం గురించి మన దేశంలో జరిగిన పరిశోధన స్వల్పం. మన దగ్గర దీన్ని కొమ్మలతోనే పెంచుతారు, కాబట్టి పైన చెప్పిన నిర్వచనం ప్రకారం దీన్ని ఆక్రమణ జాతి అనడానికి ఇప్పటికి ఆధారం బలహీనం. రోడ్డు పొడవునా ఒకే చెట్టు తప్ప మరొకటి లేకుండా నాటడమే అసలు తప్పు అన్న వాదనకు బలం ఎక్కువ. పిట్టకు పండు లేదు, తేనెటీగకు సరైన పువ్వు లేదు.

దేశీయమైనంత మాత్రాన జనం మెచ్చుకుంటారనీ లేదు. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నంలో విరివిగా నాటిన ఏడాకులపాయ భారతీయ వృక్షమే. చలికాలపు రాత్రుల్లో దాని పూల ఘాటుకు తలనొప్పి, ఆయాసం వస్తున్నాయని నగరవాసులు ఫిర్యాదులు చేశారు.

వ్యాప్తి మార్గాలు

పిట్టలు, పశువులు, గాలి, నీరు విత్తనాన్ని మోస్తాయి. ఇది అందరికీ తెలిసిందే. పట్టణంలో వీటికంటే పెద్ద వాహనం చెత్త. కత్తిరించిన తీగలు, ఊడబెరికిన దుంపలు, అక్వేరియం శుభ్రం చేసినప్పుడు తీసిన నీటి మొక్కలు ఖాళీ స్థలంలోనో వాగు గట్టునో పడతాయి. మరో మార్గం కుండీ మట్టి. పది రూపాయల బంతి మొక్కతో పాటు తుంగ గడ్డలు, వయ్యారిభామ విత్తనాలు, వేళ్లలో బుడిపెలు కట్టించే నులిపురుగులు ఉచితంగా వస్తాయి.

కొత్త మొక్క వచ్చీ రాగానే విరుచుకుపడదు. చాలా జాతులు దశాబ్దాల పాటు బుద్ధిగా ఉండి, వాతావరణమో నేల వాడకమో మారినప్పుడు ఒక్కసారిగా పెరుగుతాయి. ఈ గుప్త దశలో ఉన్న మొక్కను తొలగించడం సులువు. ఆ దశలో తొలగించాలని ఎవరికీ తోచదు, అదే చిక్కు.

పెరటి తోట సమస్యలు: నేల, నీరు

నల్లరేగడి పత్తికి ఎంత మంచిదో కుండీకి అంత చెడ్డది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మే నెలలో రెండు పూటలు నీళ్లు పోయకపోతే మట్టిగడ్డ కుండీ అంచును వదిలేసి చుట్టూ వేలు దూరేంత సందు ఇస్తుంది. ఆ తర్వాత పోసిన నీరు సందులోంచి జారి అడుగు రంధ్రం గుండా బయటికి పోతుంది, వేళ్ల ముద్ద మాత్రం పొడిగానే ఉంటుంది. యజమాని రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క వాడుతుంది. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక లేదా కొబ్బరి పొట్టు కలిపిన మిశ్రమం వాడితే ఈ బాధ తప్పుతుంది. ఎరువు చివకకపోతే అందులోంచి కొమ్ము పురుగు పిల్ల పురుగులు వస్తాయి.

మందారం, మల్లె, గులాబీ ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం ఈ ప్రాంతంలో తరచూ కనిపించే లక్షణం. నేలలో ఇనుము లేక కాదు. క్షారగుణం, సున్నం ఎక్కువైన నేలలో ఇనుము మొక్కకు అందే రూపంలో ఉండదు. బోరు నీటి ఉప్పులు దానికి తోడు. కుండీ అంచున తెల్లటి పొర కట్టడం ఆ ఉప్పుల గుర్తు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండు మూడుసార్లు ఆకుల మీద పిచికారీ చేయాలని వ్యవసాయ నిపుణుల సిఫారసు.

వర్షాకాలంలో సమస్య తిరగబడుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్లకు నేల బురదగా మారి వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. వేళ్లు కుళ్లిన మొక్క కూడా ఎండకు వాడినట్లే తల వేలాడేస్తుంది కనుక, దాహమనుకుని ఇంకాస్త నీరు పోసి చంపేవాళ్లే ఎక్కువ. వేలితో రెండంగుళాల లోతు మట్టిని తడిమి చూస్తే విషయం తెలిసిపోతుంది.

పెరటి తోట సమస్యలు: పురుగులు

*పిండినల్లి.* మందారం కొసల్లో దూది అంటించినట్లు కనిపించేది. తెలుగు పత్తి రైతుకు 2000ల దశకం ద్వితీయార్ధంలో పరిచయమైన పత్తి పిండినల్లి అమెరికా నుంచి వచ్చిన జాతి. మందారం, తుత్తురు బెండ, వయ్యారిభామ దానికి పంట లేని కాలపు ఆశ్రయాలు. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో బయటపడింది. 2010లో అమెరికా వ్యవసాయ శాఖ సహకారంతో తెప్పించిన ఎసిరోఫాగస్ పపాయే అనే అతిచిన్న కందిరీగ దాన్ని రెండేళ్లలోపే లొంగదీసింది. పురుగు మందు పని చేయని చోట పురుగే పనిచేసిన సందర్భమిది. పిండినల్లి ఉన్నచోట చీమలు ఉంటాయి. తీపి జిగురు కోసం అవి దాన్ని కాపాడతాయి. చీమల్ని ఆపకుండా మందు కొట్టడం దండగ.

*సర్పిలాకార తెల్లదోమ.* 2016లో పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో మొదట గుర్తించారు. కొద్ది నెలల్లోనే గోదావరి జిల్లాలకు చేరింది. ఆకు అడుగున మెలికలు తిరిగిన తెల్ల మైనపు గీతల్లో గుడ్లు పెడుతుంది. కొబ్బరి, అరటి, జామలతో పాటు ఎన్నో అలంకరణ మొక్కల మీద బతుకుతుంది. కింది ఆకుల మీద, పార్కు చేసిన కార్ల మీద పడే జిగురుపై నల్లటి మసి తెగులు పెరుగుతుంది. ఎన్‌కార్సియా అనే మిత్ర కందిరీగ దీన్ని సహజంగానే అదుపు చేస్తుంది గనుక రసాయనాలు కొట్టవద్దని, నీటిని వేగంగా చిమ్మి కడగాలని శాస్త్రవేత్తలు చెబుతారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఐసేరియా అనే శిలీంద్రాన్ని దీని మీద ప్రయోగించి రైతులకు అందించింది.

*నల్ల తామర పురుగు.* శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా జాతి. భారత్‌లో 2015లో బెంగళూరు బొప్పాయి మీద, తర్వాత అక్కడే డేలియా పూల మీద నమోదైంది. గ్రీసు, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో దీన్ని గార్డీనియా, ఫైకస్ వంటి అలంకరణ మొక్కల మీదే ముందు పట్టుకున్నారు. 2021 ఆరంభంలో గుంటూరు జిల్లా మిరపలో కనిపించింది. ఆ ఏడాది చివరికి ఆంధ్ర, తెలంగాణ మిరప చేలను ఊడ్చేసింది. పాత తామర పురుగు ఆకుల మీద ఉండేది. ఇది పువ్వులో దూరుతుంది. ఒక్కో పువ్వులో ఇరవై, ముప్పై నల్లటి పురుగులు. పూత రాలితే కాయ లేదు. రైతులు వారానికి రెండు మూడు మందులు కొట్టి, ఫలితం లేక, నిలబడి ఉన్న తోటల్ని దున్నేశారు. అతిగా కొట్టిన మందులు మిత్ర పురుగుల్ని చంపి బెడదను పెంచాయని గుంటూరు దగ్గరి లాంలోని వ్యవసాయ శాస్త్రవేత్తలు హెచ్చరించారు.

ఈ పురుగు బంతి, చామంతి పూలలోనూ ఉంటుంది. బాల్కనీలో చామంతి కుండీని తెల్ల కాగితం మీద తట్టితే గోధుమ, నల్ల రంగు నూగులాంటివి కదులుతూ కనిపించవచ్చు. పెనుమాక, ఉండవల్లి వంటి నదీ తీర గ్రామాల్లో పూలూ కూరగాయలూ పక్కపక్కనే సాగవుతాయి. అక్కడ పూలతోట ఏడాది పొడవునా పురుగుకు వసతి గృహం కాగలదు. తామర పురుగులకు నీలి రంగు జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపు అట్టలు పెట్టడం ఇంటికీ పొలానికీ ఒకే పద్ధతి.

కుండీలో నాలుగు మిరప మొక్కలు వేసుకునేవారు రైతు భాష నేర్చుకుంటే చాలు. ఆకులు పైకి దోనెలా ముడిస్తే పైముడత. కారణం తామర పురుగు. కిందికి ముడిచి, కాడ సాగితే కిందిముడత, కారణం నల్లి. మొదటిదానికి కొట్టే మందు రెండోదానికి పనిచేయదు. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట కొడితే తొలి దశలో రెండూ తగ్గుతాయి.

మిగిలినవి మామూలు బాధలే: చలికాలంలో గులాబీకి బూడిద తెగులు, చామంతికి పేనుబంక, మల్లెకు మొగ్గ తొలుచు పురుగు, వానాకాలంలో నత్తలు. తోటల్లో ఆకులు నమిలే పెద్ద ఆఫ్రికా నత్త కూడా మనుషులు తెచ్చిందే. 1847లో మారిషస్ నుంచి కలకత్తా తోటల్లోకి వచ్చింది. దాని మీద ఉప్పు చల్లితే నత్త చస్తుంది, నేల కూడా చెడుతుంది. చేతి తొడుగులతో ఏరి సబ్బు నీళ్లలో వేయడం మేలు.

నియంత్రణ

చేతితో లేదా యంత్రంతో తీయడం, రసాయనం, జీవ నియంత్రణ అని మూడు పద్ధతులు. పులికంపను నరికితే మొదలు నుంచి మరింత గుబురుగా లేస్తుంది. వేరు కిరీటం కింద గడ్డపారతో తెంచి తలకిందులుగా ఆరబెట్టాలి. గుర్రపుడెక్క మీదికి 1980ల ఆరంభంలో బెంగళూరుకు నియోకెటినా జాతి ముక్కు పురుగుల్ని తెచ్చి దేశమంతటా వదిలారు. నిలకడ నీటి చెరువుల్లో ఫలితం కనిపించింది. ఏటా యంత్రాలతో తీసేసే కాలువల్లో మొక్కతో పాటు పురుగూ పోతుంది కాబట్టి అది నిలదొక్కుకోదు. తీసిన గుర్రపుడెక్కను కంపోస్టు చేయవచ్చు; మురుగు, పారిశ్రామిక వ్యర్థాలు కలిసే డ్రెయిన్లలోని దాన్ని మాత్రం కూరగాయలకు వాడకూడదు, భార లోహాలను పీల్చుకుని ఉంటుంది. (చూ. జీవ నియంత్రణ, వానపాముల ఎరువు)

ఇంటి స్థాయిలో పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది. కొత్తగా కొన్న మొక్కను రెండు వారాలు మిగతావాటికి దూరంగా ఉంచి, ఆకుల అడుగు భాగం చూసి, వీలైతే మట్టి మార్చి అప్పుడు తోటలో కలపాలి.

చట్టాలు

విదేశీ మొక్కల దిగుమతిని 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు నియంత్రిస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ఆక్రమణ అన్యదేశ జాతిని తొలిసారి నిర్వచించి, వాటి దిగుమతి, వ్యాపారం, విస్తరణపై ఆంక్షలు పెట్టే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2022 డిసెంబరు నాటి కున్‌మింగ్-మాంట్రియల్ ఒప్పందం 2030కల్లా కొత్త ఆక్రమణ జాతుల ప్రవేశ వేగాన్ని సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టింది. ఇప్పటికే దేశంలో పాతుకుపోయి నర్సరీలో పాతిక రూపాయలకు దొరికే వెడీలియాను సరిహద్దు తనిఖీలు ఆపలేవు.

ప్రత్యామ్నాయ జాతులు

కంచెకు వావిలి, గోరింట; పూలకు నందివర్ధనం, పారిజాతం, కనకాంబరం; రోడ్డు నీడకు కానుగ, వేప, పొగడ ఈ నేలకు అలవాటైనవి. నల్లరేగడిలో కానుగ, వేప సులభంగా నిలుస్తాయి. పారిజాతానికి నీరు నిలవని చోటు కావాలి. నీటి తొట్టెల్లో గుర్రపుడెక్క, అంతర తామర బదులు కలువ, తామర పెంచవచ్చు. దోమల కోసం ఆ తొట్టెల్లో వదిలే గంబూసియా చేప 1928లో భారత్‌కు తెచ్చిన అమెరికా జాతి. పైన చెప్పిన నూరింటి జాబితాలో అదీ ఉంది. అందువల్ల తొట్టి కడిగిన నీటిని కాలువలోకో వాగులోకో వదలకుండా మొక్కల పాదుల్లో పోయాలి.